కలెక్టర్ గారికి: క్వారీ బండ్లకు హైడ్రోజన్ ఇంజన్ కూడా చూడండి

కడప జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం. ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి, నాపరాయి క్వారీల్లో తిరిగే టిప్పర్లు, ప్రొక్లెయినర్లు రిపేరు చేసే మెకానిక్‌ని. హైడ్రోజన్ బండ్లంటే అందరూ ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌ని మండించకుండా, గాలితో కలిపి కరెంటు పుట్టించి మోటారు తిప్పేది) గురించే మాట్లాడుతున్నారు గానీ, హైడ్రోజన్‌ని డీజిల్‌లాగా నేరుగా మండించే ఇంజన్ కూడా ఉంది, జేసీబీ కంపెనీ తయారు చేసింది కూడా.

మా దగ్గర పొద్దున బిగించిన ఎయిర్ ఫిల్టర్‌ని సాయంత్రం విప్పి టైరుకేసి కొడితే పిడికెడు తెల్లపొడి రాలుతుంది. ఫ్యూయల్ సెల్‌కి గాలి ఇంకా శుభ్రంగా కావాలి, హైడ్రోజన్ 99.97 శాతం స్వచ్ఛంగా ఉండాలి, లోపల ప్లాటినం ఉంటుంది, చెడిపోతే మేం చెయ్యి పెట్టలేం. ఇంజన్ అయితే పిస్టన్లు, వాల్వులు, మాకు అలవాటైన సామానే, అంత స్వచ్ఛమైన గ్యాసూ అక్కర్లేదు.

దాచను సార్, ఇంజన్ పొగలో గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, మామూలు లోడు మీద గ్యాస్ కూడా ఎక్కువే తాగుతుంది. హైవే లారీలకు ఫ్యూయల్ సెల్ మేలే. కానీ ఫుల్ లోడుతో క్వారీ గుంతలోంచి పైకెక్కే బండి వేరు, బరువు లాగేటప్పుడే ఇంజన్ బాగా పనిచేస్తుంది.

2023లో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద మన జిల్లాకు ట్రయల్ బండ్లు అడిగితే రెండు రకాలూ అడగండి, ఒక ఎండాకాలమంతా ఈ దుమ్ములోనే నడిపించి చూడండి, మా షెడ్లలో పిల్లోళ్లకు ట్రైనింగ్ కూడా ఇప్పించండి.