ఓటరు కంటే ముందే తేల్చేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. డెమొక్రటిక్ పార్టీ 2018లో సూపర్ డెలిగేట్ల (అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ మహాసభలో తమ ఇష్టం ప్రకారం ఓటేసే నాయకుల) విధానాన్ని ఎత్తేసిందని అందులో రాశారు. ఎత్తేయలేదు. ఆ ఏడాది ఆగస్టులో షికాగోలో జరిగిన పార్టీ జాతీయ కమిటీ సమావేశం వాళ్లను మొదటి రౌండు ఓటింగుకు దూరం పెట్టింది, అంతే. వాళ్లు ఎటు వేసినా ఫలితం మారదనుకున్నప్పుడు మాత్రం మొదటి రౌండులోనూ వేయనిస్తారు. ఆ రౌండులో ఎవరికీ మెజారిటీ రాకపోతే రెండో రౌండు నుంచి అందరితో పాటు వాళ్లూ ఓటేస్తారు. డెమొక్రాట్ల మహాసభలో రెండో రౌండు దాకా వెళ్లడం 1952 తర్వాత జరగలేదు కాబట్టి ఇక గొడవ లేదని చాలామంది అనుకుంటున్నారు. అసలు గొడవ రౌండ్లది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎవరు వీళ్లు? ఆ పార్టీ గవర్నర్లు, సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు, జాతీయ కమిటీ సభ్యులు, మాజీ అధ్యక్షులు. మొత్తం 700 పైచిలుకు. మహాసభలో ఓటేసే మిగతా ప్రతినిధులు, అంటే మామూలు డెలిగేట్లు, తమ రాష్ట్రంలో ఓటర్లు ఇచ్చిన తీర్పును బట్టి ఒక అభ్యర్థికి కట్టుబడి వస్తారు. వీళ్లకు ఆ కట్టుబాటు లేదు, ఇష్టం వచ్చిన వాళ్లను బలపరచవచ్చు.

వీళ్లను పెట్టడానికి కారణం లేకపోలేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో (అభ్యర్థి ఎంపికకు రాష్ట్రంలో జరిగే ఓటింగులో) కూడా పోటీ చేయకుండానే అభ్యర్థి అయ్యారు. సీల్డ్ కవర్ ముఖ్యమంత్రులను చూసిన మన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ అసంతృప్తితో ఎంపికను ఓటర్ల చేతికిచ్చారు. 1972లో అలా వచ్చిన మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు, 1980లో కార్టర్ రీగన్ చేతిలో చిత్తయ్యారు. గెలిచి పదవుల్లో ఉన్న నాయకుల మాటకూ కొంత విలువ ఉండాలని నార్త్ కరొలైనా గవర్నర్ జిమ్ హంట్ నాయకత్వంలోని కమిషన్ 1982లో ఈ ఏర్పాటు చేసింది. ఓటర్లు ఎక్కువ డెలిగేట్లను ఇచ్చిన అభ్యర్థిని వీళ్లు పడగొట్టిన సందర్భం ఇంతవరకూ లేదు. 2008లో పౌరహక్కుల నేత జాన్ లూయిస్ మొదట హిల్లరీ క్లింటన్ వైపు ఉన్నారు. అట్లాంటాలోని తన నియోజకవర్గం ఒబామాకు ఓట్లు గుమ్మరించాక ఆయనా ఇటు వచ్చేశారు. నాయకుడు జనం వెంట నడిచాడు. అది నాకు బాగా నచ్చింది.

మరి నా అభ్యంతరం ఏమిటి? వాళ్లు ఓటేయడం కాదు, జనం ఓటేయకముందే వాళ్ల పేర్లు లెక్కలో కలిపేయడం.

2016 జూన్ 6, సోమవారం. మర్నాడు మా న్యూజెర్సీలోనూ, కాలిఫోర్నియాలోనూ ప్రైమరీ. రాత్రి భోజనాల దగ్గర ఉండగా మా వాడి ఫోన్‌కు వార్త వచ్చింది: హిల్లరీకి కావలసిన 2,383 మంది డెలిగేట్లు సమకూరారు, అభ్యర్థి ఆవిడే అని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తేల్చేసింది. ఆ రోజు ఎక్కడా పెద్ద పోలింగేమీ లేదు. ఆ సంస్థ విలేకరులు సూపర్ డెలిగేట్లకు ఫోన్లు చేసి, ‘నేను ఆవిడకే’ అన్న వాళ్లను కలుపుకుంటూ పోతే ఆ అంకె దాటింది. మా వాడికి అది మొదటి ఓటు, హిల్లరీకి పోటీగా ఉన్న శాండర్స్ అభిమాని. ‘నాన్నా, రేపు నేను ఓటేస్తే ఎంత, వేయకపోతే ఎంత?’ అన్నాడు. మర్నాడు ఎలాగో బయల్దేరదీశాను. స్కూల్లో పోలింగు. పుస్తకంలో సంతకం చేసి, వాళ్లు ఇచ్చిన చీటీ పట్టుకుని వరసలో నిలబడ్డాం. మామూలుగా అయితే బూత్ అధికారులతో మాటలు కలుపుతాడు. ఆ రోజు నోరు విప్పలేదు.

నేను హిల్లరీకే వేశాను. ఆవిడ న్యాయంగానే గెలిచారు. ఓటర్లు ఎన్నుకున్న డెలిగేట్లలోనే శాండర్స్ కంటే 350కి పైగా ఆధిక్యం ఉంది. సూపర్ డెలిగేట్లు లేకపోయినా గెలిచేవారే! అందుకే నాకు మరింత బాధ. అవసరం లేని లెక్క ఒకటి ముందే చూపించి, గెలిచిన మనిషికి కూడా మచ్చ తెచ్చారు. న్యూహాంప్‌షైర్‌లో శాండర్స్‌కు 60 శాతం ఓట్లు, 15 మంది డెలిగేట్లు; హిల్లరీకి 9 మంది. దానికి ఆరుగురు సూపర్ డెలిగేట్లను కలిపి టీవీల్లో 15-15 సమానం అన్నారు. ఓటేసిన వాడికి అది చూస్తే ఒళ్లు మండదా? శాండర్స్ వర్గం కూడా తక్కువ తినలేదు. చివర్లో, వెనకబడి ఉండి కూడా, సూపర్ డెలిగేట్లు మా వైపు రావాలని అడిగింది. కట్టుబాటు లేని ఓటు ఉన్నంతకాలం దాని చుట్టూ ఎవరైనా తిరుగుతారు.

2018 నిబంధన దీన్ని ముట్టుకోలేదు. గవర్నరో సెనేటరో ముందుగా ఒకరికి మద్దతు ప్రకటించడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. అది వాళ్ల అభిప్రాయం. అభిప్రాయాన్ని పోలైన ఓటుతో కలిపి ఒకే అంకెగా చూపించడం మాత్రం ఆపవచ్చు. అది పార్టీ కంటే పత్రికల చేతిలో ఉన్న పని.

కాబట్టి నా విన్నపం మీకే. ఎడిసన్ చుట్టుపక్కల మన వాళ్లు వేలల్లో ఉన్నారు, ఇక్కడి సంగతులకు తెలుగు పత్రికలే చూసే పెద్దవాళ్లు చాలామంది. 2028 ప్రైమరీలు మొదలయ్యాక మీరు రోజూ పట్టిక వేస్తారు కదా, అందులో ఓటర్లు ఎన్నుకున్న డెలిగేట్లు ఒక గడిలో, ఈ నాయకుల మద్దతు వేరే గడిలో వేయండి. రెండూ కూడి మొత్తం రాయకండి. ఏజెన్సీలు కూడి పంపినా విడదీసే వేయండి. ఆదివారం వ్యాసంలోని పొరపాటుకు సవరణ కూడా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు (స్వస్థలం తెనాలి),
ఎడిసన్, న్యూజెర్సీ