కాన్పు భయం వదలని తల్లుల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు, ఘోర ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లకు వస్తుందని వినే పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత ఆ భయం మనసును వదలని మానసిక సమస్య, కాన్పు అయిన తల్లులకూ వస్తుంది. దాన్ని కనిపెట్టే ఏర్పాటు ప్రతి ప్రసూతి విభాగంలో ఉండాలని అడగడానికే ఈ లేఖ.

మా చెల్లికి కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. డాక్టర్లు కష్టపడి బతికించారు, ఆ రుణం తీరేది కాదు. తల్లీబిడ్డా క్షేమమని ఇంటికి పంపారు. ఆ తర్వాత నుంచి స్పిరిట్ వాసన తగిలితే చాలు, తనకు చెమటలు పట్టేవి. పాప నిద్రపోయినా తను పడుకునేది కాదు. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేది. టీకాలకు పాపను నేనే తీసుకెళ్లాను. "అందరూ కనడం లేదా, నీకే ఎందుకింత టెన్షన్?" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. బతిమాలి ఆరు వారాల చెకప్‌కు తీసుకెళ్తే ఒక ఫారం నింపించి, డిప్రెషన్ లేదు, బాగానే ఉన్నావని పంపించేశారు.

ఆ ఫారం మంచిదే. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987 నుంచి ఉంది, మొత్తం 10 ప్రశ్నలు. కుంగుబాటుతో బాధపడే తల్లులెందరినో అది పట్టిచ్చింది. కానీ అందులో కాన్పు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. పీడకలలు వస్తున్నాయా, జరిగిందంతా మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపిస్తోందా, ఆసుపత్రి వైపు వెళ్లాలంటేనే భయమా? ఇవి నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ ఉందేమో చూడాలి. దీనికోసమే తయారుచేసిన సిటీ బర్త్ ట్రామా స్కేల్ 2018 నుంచి అందుబాటులో ఉంది.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కాదు. 2017లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్ష ప్రకారం కాన్పు తర్వాత నూటికి సుమారు నలుగురికి ఇది ఉంటుంది. ఎమర్జెన్సీ ఆపరేషన్, నెలలు నిండని బిడ్డ, ప్రాణం మీదికి వచ్చిన కాన్పు లాంటివి ఎదుర్కొన్నవాళ్లలో నూటికి 18 మందికి పైనే. గర్భిణుల్లోనూ ఉంటుంది. ఇదివరకు బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు, హింసకు గురైనవాళ్లకు మామూలు పరీక్షలే నరకంలా ఉంటాయి.

కాన్పు ఎంత కష్టమైందన్నదే కాదు, ఆ సమయంలో ఆమెతో ఎలా మసలుకున్నారన్నది కూడా ముఖ్యం. ఏం చేస్తున్నారో చెప్పకుండా చెయ్యడం, నొప్పితో అరిస్తే కసురుకోవడం, తోడు ఎవరినీ ఉండనివ్వకపోవడం మనసులో ఉండిపోతాయి. నచ్చిన మనిషిని తోడుగా ఉండనివ్వాలని, ఏం చేస్తున్నారో చెబుతూ గౌరవంగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. దీనికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు కదా, మంత్రి గారూ.

వైద్యం ఉంది. ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స), ఈఎమ్‌డీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల తీవ్రత తగ్గించే చికిత్స) పనిచేస్తాయి. ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా తిరగదోడించి పంపేస్తే మాత్రం సరిపోదు. బ్రిటన్‌లో ఏ వైద్యం ఎలా చెయ్యాలో సూచించే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు 2014లోనే అలా చెయ్యొద్దన్నాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. ఆసుపత్రి అంటేనే వణికిపోయే తల్లి అసలు చెకప్‌కే రాదు. మేం వెంట ఉన్నాం కాబట్టి మా చెల్లి అక్కడిదాకా వెళ్లింది. రానివాళ్ల పేర్లు రిజిస్టర్‌లో గైర్హాజరు కింద మిగిలిపోతాయి. ముందు వాళ్లకే ఫోన్ చెయ్యాలి, లేదా ఇంటికి వెళ్లి అడగాలి. ఎడిన్‌బరో ఫారంతో పాటు కాన్పు గురించిన ప్రశ్నలూ అడగాలని, అడిగే నర్సులకు శిక్షణ ఇవ్వాలని, అవసరమైనవాళ్లను నేరుగా మానసిక వైద్యుల దగ్గరికి పంపాలని మీ శాఖ నుంచి ఉత్తర్వులు ఇప్పించండి.

ఇట్లు,
ఒక బాలింతకు అక్క