రాచ్‌డేల్ టౌన్‌హాల్ చూసొచ్చాను

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇది ఫోన్‌లో చెబితే తెమిలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నా.

మొన్న సెలవురోజు మాంచెస్టర్‌లో ట్రామెక్కి రాచ్‌డేల్ వెళ్ళాను, అక్కడి టౌన్‌హాల్ కోసమే. 1871లో తెరిచిన భవనం. పెద్ద ఎత్తున మరమ్మతులు చేసి 2024లో మళ్ళీ తెరిచారు. మొదట కట్టినప్పుడే 1,60,000 పౌండ్ల దాకా ఖర్చయిందట. బట్టల మిల్లులతో బాగుపడ్డ ఊరు కదా, తన దర్జా అంతా అక్కడ చూపించుకుంది.

లోపల అడుగు పెట్టగానే నేలంతా మింటన్ అనే కంపెనీ చేసిన టైల్స్. వంగి చేత్తో తడిమి చూశాను. ఆ పువ్వులు పైన పూసిన రంగు కాదురా! రంగురంగుల మట్టిని అచ్చుల్లో నింపి కాల్చారు. అందుకే 150 ఏళ్ళుగా ఎందరు తొక్కినా డిజైన్ చెదరలేదు.

మెట్లెక్కితే గ్రేట్ హాల్. అంత పెద్ద హాల్లో నడుమ ఒక్క స్తంభం లేదు. గోడల్లోంచి పొట్టి దూలాలు ముందుకొచ్చి కప్పును మోస్తుంటాయి. వాటి కొసల్లో బంగారు పూత పూసిన దేవదూతలు. మెడ నొప్పెట్టేదాకా చూస్తూనే ఉన్నా. రంగు గాజు కిటికీల్లో ఇంగ్లండు రాజులు వరసగా ఉన్నారు, వాళ్ళ మధ్య క్రామ్‌వెల్ కూడా! రాజు తల తీయించినవాడికి రాజుల పక్కనే చోటిచ్చిన ఆ ఊరివాళ్ళ ధైర్యం నాకు తెగ నచ్చింది.

మొదటి గోపురం 1883లో తగలబడిపోతే, ఇప్పుడున్న రాతి గోపురాన్ని వాటర్‌హౌస్ అనే వాస్తుశిల్పి కట్టించాడు. మాంచెస్టర్ టౌన్‌హాలూ ఆయనదే. గోపురం బాగుంది గానీ, నా మనసు లోపలే ఉండిపోయింది.

పాత కౌన్సిల్ గది గోడల మీద నేత యంత్రాల బొమ్మలున్నాయి. అక్కడ మీ తాతయ్య గుర్తొచ్చాడు. మన వైపు మగ్గాలను దెబ్బతీసింది ఈ లాంకషైర్ ప్రాంతపు మిల్లు బట్టే కదా. ఆ పనితనాన్ని మెచ్చుకుంటూనే కడుపు మండిందిరా.

కానీ ఇదే ఊళ్ళో 1844లో, టోడ్ లేన్ అనే వీధిలో, 28 మంది కలిసి కొట్టు పెట్టారు. వాళ్ళలో నేతగాళ్ళూ ఉన్నారు. పిండి, వెన్న, పంచదార, కొవ్వొత్తులు అమ్మి, మిగిలిన లాభాన్ని కొన్నవాళ్ళకే పంచారు. ఆ పద్ధతే తర్వాత దేశదేశాల సహకార సంఘాలకు దారయింది. మీ తాతయ్య అన్నేళ్ళు లెక్కలు రాసిన చీరాల నేత సంఘానిదీ అదే దారి. ఆ కొట్టు ఇప్పుడు మ్యూజియం, టౌన్‌హాల్ నుంచి నడిచిపోవచ్చు.

వేసవిలో వస్తానన్నావుగా, రెండూ ఒకే రోజు చూసేద్దాం. వీసా తేలగానే చెప్పు, టూర్ బుక్ చేస్తా. పిల్లలకు ముద్దులు.

నీ
ప్రసాద్