కాన్పు సంచి ముందే సర్దుకోవాలి

సంపాదకులకు నమస్కారం. మా ఊళ్ళల్లో ఇప్పటికీ బిడ్డ పుట్టకముందే బట్టలు కొనకూడదు, సంచి సర్దకూడదు అంటారు, పెద్దవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది కానీ అర్ధరాత్రి నొప్పులొచ్చి 108కి ఫోన్ చేశాక బీరువాలో కాగితాలు వెతుక్కునే ఇళ్ళని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. కొత్తవి కొనక్కర్లేదండీ, పాత నూలు చీర మెత్తబడ్డది చూసి నాలుగు ముక్కలు చించి ఉతికి బాగా ఎండలో ఆరేసి కవర్లో పెడితే చాలు, పుట్టగానే బిడ్డని తుడవడానికి ఒకటి, చుట్టడానికి పొడిది ఇంకొకటి ఉండాలి, తలకి టోపీ కూడా.

తల్లికి ముందు బటన్లున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, తోడొచ్చే అమ్మకో అత్తకో దుప్పటి, ఫ్లాస్కు, ఫోన్ ఛార్జర్. అన్నిటికన్నా పైన ఎంసీపీ కార్డు (చెకప్‌ల వివరాలు రాసే తల్లీబిడ్డల రక్షణ కార్డు), స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ ఒకే కవర్లో ఉండాలి. తేనె సీసా మాత్రం దయచేసి పెట్టొద్దు, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టిస్తే బిడ్డకి ఇంకేం అక్కర్లేదు.

తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు సబ్బులు, దోమతెర, బట్టలు ఇచ్చారు, మంచిదే, కానీ కిట్ చేతికొచ్చేది కాన్పయ్యాకే కదా. అందుకే ఏడో నెల చెకప్‌లోనే ఈ లిస్టు తెలుగులో ప్రింట్ చేసి ఎంసీపీ కార్డుకి పిన్ చేసి ఇవ్వాలని వైద్యారోగ్య శాఖని కోరుతున్నా.

– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా