ఇన్‌హేలర్ ఇవ్వకపోతే పెరిగేది ఆసుపత్రి ఖర్చే

సంపాదకులు గారికి నమస్కారాలు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడిని. బొగ్గు గనుల్లో, కాగితపు మిల్లులో పనికోసం గోదావరి అవతల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల మధ్యే నా జీవితం గడిచింది. చుట్టూ గనులు, దాపునే 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చంద్రపూర్ ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతంగా గుర్తించింది. ఉబ్బసానికి దుమ్మూ పొగా మాత్రమే కారణమని నేను అనను, వంశపారంపర్యానికీ అలర్జీకీ కూడా అందులో పాత్ర ఉంది. అయితే ఉన్న జబ్బును రేపేవి మాత్రం ఇవేనని మా వాడలో ఏ తల్లినడిగినా చెబుతుంది.

2019 నాటి ప్రపంచ వ్యాధి భార అధ్యయనం ప్రకారం మన దేశంలో దాదాపు 3 కోట్ల 40 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ప్రపంచ రోగుల్లో ఇది ఎనిమిదో వంతు మాత్రమే. కాని ఆ జబ్బుతో ప్రపంచంలో చనిపోతున్నవారిలో ఐదింట రెండు వంతులకు పైగా మనవాళ్లే. ఈ తేడా చూసిన నాటి నుంచి నాకు మనసు మనసులో లేదు. చికిత్స లేని జబ్బైతే సరిపెట్టుకోవచ్చు, ఉబ్బసం అలాంటిది కాదు.

మా మనవడికి ఆరేళ్లప్పుడు ఒకే చలికాలంలో మూడుసార్లు అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. ప్రతిసారీ నెబ్యులైజర్ పెట్టారు, పిల్లికూతలు తగ్గాక ఇంటికి పంపారు. రోజూ వాడే ఇన్‌హేలర్ ఒకటుందని, దాన్ని మందును పట్టి ఉంచే గొట్టమైన స్పేసర్‌తో పీల్చాలని మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగోసారి వేరే వైద్యుడు చెబితే మొదలుపెట్టాం. ఆ తర్వాత రెండేళ్లలో వాడు ఆసుపత్రి గడప తొక్కలేదు. వెంటనే ఉపశమనానికి ఇచ్చే సాల్బుటమాల్ అనే మందు నిమిషాల్లో ఊపిరి ఆడనిస్తుందే గాని శ్వాసనాళాల లోపలి వాపును తగ్గించదు, తగ్గించేది ఆ రోజువారీ ఇన్‌హేలర్‌లోని పీల్చే స్టెరాయిడ్. అందుకే సాల్బుటమాల్ ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి.

మా చుట్టుపక్కల జరుగుతున్నది వేరు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది, మాత్ర మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా పాకుతుంది. మాత్రలు దీర్ఘకాలం వాడితే మధుమేహం, కంటి శుక్లాలు, ఎముకల బలహీనత వచ్చే ప్రమాదముంది. అంటే ఈ రోజు చౌకగా కనిపిస్తున్న మాత్ర పదేళ్ల తర్వాత ప్రభుత్వ ఆసుపత్రికి మధుమేహ రోగిగా, తుంటి విరిగిన ముసలితల్లిగా తిరిగి వస్తుంది. ఉబ్బసం లెక్కల్లో ఈ ఖర్చును ఎవరైనా రాస్తున్నారా?

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా కింద అర్హులైన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. ఎంతో మంది పేదలను అప్పుల నుంచి కాపాడిన పథకమది. అయితే అది ఆసుపత్రిలో చేరినవారికే వర్తిస్తుంది, ఇంటికి వెళ్లాక 15 రోజుల వరకే మందుల ఖర్చు భరిస్తుంది. ఉబ్బసం పదిహేను రోజుల జబ్బు కాదు. రోజుకు రెండు పఫ్‌ల లెక్కన 200 పఫ్‌ల ఇన్‌హేలర్ మూడు నెలలకు పైగా వస్తుంది. దానికి కొన్ని వందల రూపాయలు పెట్టలేక మానేసిన కూలీ మళ్లీ ఊపిరాడని స్థితిలో చేరితే, ఆ మంచానికీ ఆక్సిజన్‌కూ అంతకు ఎన్నో రెట్లు చెల్లించాల్సింది ప్రభుత్వమే.

ఫిన్లాండ్ 1994లో పదేళ్ల జాతీయ ఉబ్బస కార్యక్రమం చేపట్టి, జబ్బును తొలిదశలోనే గుర్తించి పీల్చే స్టెరాయిడ్ మొదలుపెట్టేలా ఊరి స్థాయి వైద్యులకు, నర్సులకు, మందుల దుకాణాలవారికి శిక్షణ ఇచ్చింది. ఆసుపత్రిలో గడిపిన రోజులు సగానికి పైగా తగ్గాయి, ఒక్కో రోగిపై అయ్యే వార్షిక ఖర్చు 36 శాతం తగ్గింది. మన దగ్గరా బుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. జాబితాలో ఉన్న మందు పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా ఉండేలా ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని కేంద్రాన్నీ మహారాష్ట్ర ప్రభుత్వాన్నీ కోరుతున్నాను.

సరిహద్దు వాళ్లకు మరో ఇబ్బంది ఉంది. ఇన్‌హేలర్ పీల్చే పద్ధతిని మరాఠీలో చెబితే అర్థం కాని తెలుగు ముసలివాళ్లు రాజురా, సిరోంచ వైపు చాలామంది ఉన్నారు. పద్ధతి తప్పితే మందు గొంతులోనే ఆగిపోతుంది. తెలుగు వచ్చిన ఆశా కార్యకర్తలకు ఈ ఒక్క పని నేర్పినా ఎంతో మేలు. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేప ప్రసాదం కోసం మా స్టేషన్ నుంచి రైలెక్కేవారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను. తొలకరి తేమకు ఉబ్బసం తిరగబడే ఆ రోజుల్లోనే ఇన్‌హేలర్ మానేయవద్దని ఆ రైలెక్కేలోపు వారికి తెలుగులో చెప్పే మనిషి కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా.