నీల్ ద్వీపం పోయే బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

టికెట్ మీద షహీద్ ద్వీప్ అని ఉంటే పరేషాన్ కాకు. అండమాన్‌ల ఉన్న నీల్ ద్వీపానికి 2018 నుంచి అదే పేరు.

ఏ ఒడ్డుకు ఎప్పుడు పోవాల్నో తేల్చుకునే ముందు ఆ రోజు పోటు, పాటు టైములు అడుగు. మన పాకాల చెరువు లెక్క నీళ్లు ఒక్క తీరుగ నిలవవు. రోజుకు రెండుసార్లు ఎక్కుతయి, రెండుసార్లు దిగుతయి; ఆ టైము దినాం ముప్పావు గంటకు పైనే ఆలస్యమైతది. అందుకే నిన్న పోయొచ్చినోళ్లు చెప్పిన టైము నీకు పనికిరాదు. అమాస, పున్నం దగ్గర దిగేటప్పుడు నీళ్లు సముద్రంలకు బాగా లోపలికి పోతయి.

లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌ల రాతి వంతెన ఉంది. అక్కడికి నీళ్లు దిగినంకనే పోవాలె. పూర్తిగ దిగేటానికి గంట ముందు చేరుకో, మళ్లీ ఎక్కుడు షురువైతే ఆగకుండ తిరిగిరా. రాళ్ల మీద పాచి ఉంటది, హవాయి చెప్పులు జారుతయి. వెనక పట్టీ ఉన్న సాండల్స్ ఏసుకో. గుంతలల్ల పీతలు, చిన్న చేపలు కనబడుతయి. చూడు గానీ బొక్కలల్ల చెయ్యి పెట్టకు.

భరత్‌పూర్ బీచ్‌ల స్నార్కెలింగ్‌కు (మాస్క్ పెట్టుకొని తేలుకుంట నీళ్ల కింద చూసుడు) మాత్రం నీళ్లు ఉండాలె. తక్కువుంటే పగడాలు కడుపుకు గీసుకుంటయి. లేత ఆకుపచ్చగ కనబడితే కింద తెల్ల ఇసుక, లోతు తక్కువ. నల్లటి మచ్చలు పగడాలు గానీ సముద్రపు గడ్డి గానీ. పగడం రాయి కాదు, జీవి. దాని ఒంట్లె ఉండే నాచుతోనే చానా మటుకు ఆ రంగు. నీళ్లు మస్తు రోజులు వేడిగుంటే ఆ నాచు పోయి తెల్లబడుతది. అలసట అయితే దాని మీద నిలబడకు, ఎల్లకిల తేలు. మాస్క్ పట్టీ ఏసుకోకముందే మొఖానికి ఆనించి ముక్కుతోని గాలి పీల్చు. పడిపోకపోతే సైజు సరిపోయినట్టు. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లొస్తయి. బోర్ల తేలేటప్పుడు ఎండంతా వీపు మీదనే, నిండు చేతుల అంగీ ఏసుకో.

గడియారం మనదే గానీ పొద్దు మనకన్నా సుమారు గంట ముందు పొడుస్తది. చలికాలంల సాయంత్రం 5 దాటితే గూకుడే. తెల్లారంగనే బయటపడు.

మధ్యాహ్నం ఎండల ఊళ్లు తిరుగు: సీతాపూర్, రామ్‌నగర్, ఎక్కువ రామాయణం పేర్లే. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగ వచ్చినోళ్ల కుటుంబాలు అక్కడ కూరగాయలు పండిస్తయి. సైకిల్ చాలు. సిగ్నల్ నమ్ముకోకు, చిల్లర నోట్లు పెట్టుకో.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడం ముక్క కూడా బ్యాగుల ఏసుకోకు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, ఎయిర్‌పోర్టుల తీయిస్తరు.

మీ బాపు