పక్కపక్కన తొక్కిన ఆరు రోజులు: మన సైకిల్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదిక రెండు పేజీల్లో అయిపోయేది. ఎన్ని ఆదివారాలు తొక్కాం, కొత్తగా ఎవరు చేరారు, జమ ఎంత, ఖర్చు ఎంత, అంతే. ఈసారి మాత్రం ఎక్కువ భాగం ఒక్క విషయం గురించే రాస్తున్నాను. మగవాళ్ల మానసిక ఆరోగ్యం కోసం విరాళాలు సేకరిస్తూ మనం చేసిన ఆరు రోజుల, 540 కిలోమీటర్ల సైకిల్ యాత్ర గురించి. అందులో నేర్చుకున్నవీ, చేసిన తప్పులూ రాసి పెట్టుకోకపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

గత సర్వసభ్య సమావేశం గుర్తుందా? అంతా అయిపోయి లేవబోతుంటే వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మనలో ముగ్గురు ఆదివారాలు రావడం మానేశారు, ఎందుకో ఎవరైనా ఫోన్ చేసి అడిగారా?" అన్నారు. ఎవరం అడగలేదు. మోకాలు నొప్పేమో, ఆఫీసు పనేమో అని ఎవరికి వాళ్లం అనుకుని ఊరుకున్నాం. తర్వాత ఫోన్ చేస్తే, ఆ ముగ్గురిలో ఒకరికి ఉద్యోగం పోయి అయిదు నెలలైంది, ఇంకొకరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు. ఇద్దరూ మనతో కలిసి వేల కిలోమీటర్లు తొక్కినవాళ్లే. సైకిల్ చైన్ కాస్త చప్పుడు చేస్తే పది అడుగుల దూరం నుంచి పట్టేసే మనం, మనిషి మాట్లాడటం మానేస్తే గమనించలేకపోయాం. యాత్ర ఆలోచన అక్కడ పుట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద 7,27,000 మంది ఆత్మహత్య చేసుకుని చనిపోయారు. జనాభాతో పోల్చి చూస్తే ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఈ మరణాలు రెట్టింపు. ఇంకో పక్క, డిప్రెషన్ మాత్రం ఆడవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు మొదట అర్థం కాలేదు. దీనికి కారణాలు చాలానే ఉన్నాయి కానీ మనకు సంబంధించిన కారణం ఒకటి ఉంది, మగవాళ్లు డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్తారు, చాలామంది అసలు వెళ్లరు. పైగా మగవాడి కుంగుబాటు ఎప్పుడూ దిగులు రూపంలోనే బయటికి రాదు. చిరాకు, కోపం, తాగుడు పెరగడం, పగలూ రాత్రీ పనిలో మునిగిపోవడం, బండి ప్రమాదకరంగా నడపడం, ఇలా కూడా కనిపిస్తుంది. చూసేవాళ్లు "వాడి స్వభావమే అంత" అనేసి వదిలేస్తారు.

యాత్రకు ముందు తయారీలో రెండు తప్పులు చేశాం. రెండూ కార్యవర్గం తప్పులే.

మొదటిది టీషర్టులు. వీపు మీద పెద్ద అక్షరాలతో "ధైర్యంగా ఉండు" అని వేయించాలని నమూనా తయారుచేశాం, అందరికీ నచ్చింది కూడా. మందులు వాడుతున్న ఆ సభ్యుడు నమూనా చూసి, "అన్నా, చిన్నప్పటి నుంచీ నాకు అందరూ చెప్పింది ఇదే కదా, మగాడివి ఏడుస్తావేంటి, ధైర్యంగా ఉండు అని, అది విని వినే నోరు మూసుకున్నాను" అన్నాడు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. చివరికి "ఎలా ఉన్నావు? నిజంగా చెప్పు" అని వేయించాం. దారిలో మనల్ని ఆపి మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ఆ మాట చదివి ఆపినవాళ్లే, కాబట్టి ఆ సభ్యుడికి సంఘం తరఫున ఇక్కడే కృతజ్ఞతలు చెప్తున్నాను.

రెండోది ఆరోగ్య వివరాల ఫారం. బీపీ, షుగర్, ఉబ్బసం, గుండె జబ్బు, పాత ఆపరేషన్లు అన్నీ అడిగాం. మానసిక వైద్యానికి మందులు వాడుతున్నారా అని అడగలేదు. మానసిక ఆరోగ్యం కోసం యాత్ర చేస్తూ ఆ ఒక్క గడి పెట్టడం మర్చిపోయాం! ఇది మర్యాదకో మొహమాటానికో సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది. ఉదాహరణకు లిథియం వాడేవాళ్లు ఎండలో గంటల తరబడి తొక్కి, చెమట రూపంలో నీరూ ఉప్పూ పోగొట్టుకుంటే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల చెమట ఎక్కువ పడుతుంది, ఎండ తట్టుకోవడం కష్టమవుతుంది. అలాగని ఎవరూ మందులు మానేయకూడదు, సొంతంగా అస్సలు మానకూడదు. బయల్దేరే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, వెంట ఉన్నవాళ్లలో కనీసం ఒకరికైనా విషయం తెలియాలి. ఫారం మార్చాం. ఆ వివరాలు ఒక్కరి దగ్గరే, తాళం వేసి ఉంటాయి.

ఇక యాత్ర. బయల్దేరింది 17 మంది, వెనక సామాను వ్యాను ఒకటి. రోజుకు సుమారు 90 కిలోమీటర్లు.

మొదటి రెండు రోజులు బాగా జరగలేదు. ముందున్న అయిదారుగురు గాలిలో తేలిపోతున్నట్టు వెళ్లిపోయారు, వెనకవాళ్లు వాళ్లను అందుకోవాలని ఆయాసపడ్డారు, మధ్యలో ఉన్నవాళ్లకు రెండువైపులా ఎవరూ లేరు. రెండో రోజు సాయంత్రం ఒక సభ్యుడు సామాను సర్దుకుని "నావల్ల మీకు ఆలస్యం అవుతోంది, నేను వ్యానులో వెళ్లిపోతాను" అన్నాడు. ఒంటరితనం గురించి నలుగురికీ చెప్పాలని బయల్దేరినవాళ్లం, మనవాడినే రోడ్డు మీద ఒంటరిగా వదిలేశాం. ఆ రాత్రి అందరం కూర్చుని పద్ధతి మార్చుకున్నాం. అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి ముందుంటాడు, వేగం ఆయనదే. అనుభవం ఉన్నవాళ్లలో ఒకరు రోజంతా అందరికంటే చివర ఉంటారు, ఎవరినీ దాటరు. ఎదురుగాలి ఉన్నప్పుడు బలంగా తొక్కేవాళ్లు వంతులవారీగా ముందుకొచ్చి గాలిని అడ్డుకుంటారు, కానీ వేగం మాత్రం పెంచరు. ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకవాడికి శ్రమ ఎంత తగ్గుతుందో మనందరికీ తెలిసిందే, దాన్ని ఎప్పుడూ వేగం పెంచుకోవడానికే వాడుకున్నాం తప్ప ఒక మనిషికి ఊపిరి తీసుకునే వీలు ఇవ్వడానికి వాడలేదు.

మూడో రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. ముందు ఒళ్లు నొప్పుల గురించే. హ్యాండిల్ మీద బరువు పడి అరచేతిలో నరం నొక్కుకుపోతే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి కదా, అది సగం మందికి ఉంది. తర్వాత ఒకరు కాస్త సిగ్గుపడుతూనే, సీటు మీద ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ల సందున స్పర్శ తెలియడం లేదు అన్నారు. ఆ మాట విన్నాక ఇంకో నలుగురు "నాకూ అంతే" అన్నారు. ఇది సైకిల్ తొక్కే మగవాళ్లలో చాలామందికి ఉండేదే, అక్కడి నరాలు నొక్కుకుపోవడం వల్ల వస్తుంది. సీటు ముక్కు కొంచెం దించి, పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడితే తగ్గుతుంది, తగ్గకపోతే సీటు మార్చాలి, డాక్టర్‌కి చూపించుకోవాలి. ఏళ్ల తరబడి ఎవరికి వాళ్లం దాచుకున్నాం ఈ విషయం. అది బయటికొచ్చాక గుంపులో ఏదో బిగువు సడలినట్టు అనిపించింది నాకు.

నాలుగో రోజు మెరక ఎక్కుతుండగా జరిగింది ఆ సభ్యుడి అనుమతితోనే రాస్తున్నాను. చిటికెన వేలు మొద్దుబారిందని మొదటి రోజే అందరి ముందూ చెప్పిన మనిషి, మూడు నెలలుగా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పడానికి నాలుగో రోజు దాకా ఆగాడు. అదీ అందరికీ కాదు, చివరి సైకిల్ మీద ఉన్న నాకు. మేమిద్దరం పక్కపక్కన, నడిచేంత వేగంతో తొక్కుతున్నాం, ఇద్దరి కళ్లూ రోడ్డు మీదే. ఒక మాట అంటాడు, పది పెడళ్లు తొక్కుతాడు, ఇంకో మాట అంటాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే "ఏం లేదు, బాగానే ఉన్నాను" అనేవాడని తర్వాత తనే చెప్పాడు. 1990ల్లో ఆస్ట్రేలియాలో మెన్స్ షెడ్లు, అంటే మగవాళ్లు ఒకచోట చేరి చేతిపనులు చేసుకునే షెడ్లు, మొదలుపెట్టినవాళ్లు గ్రహించింది కూడా ఇదే. మగవాళ్లు ముఖాముఖి కంటే భుజం భుజం కలిపి ఏదో పని చేసుకుంటున్నప్పుడు మాట్లాడతారని, అందుకే అక్కడ వడ్రంగం పనీ, రిపేర్లూ పెట్టారు. మనకు ఆ షెడ్డు సైకిలే.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేను ఆయన్ను సూటిగా అడిగాను. అలా అడగడానికి నాకు నోరు పెగలడానికి చాలాసేపు పట్టింది. యాత్రకు ముందు మనలో ఎనిమిది మందిమి మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకోకపోయి ఉంటే అడిగేవాణ్ని కాదు. 2000లో ఆస్ట్రేలియాలో బెటీ కిచెనర్, టోనీ జోర్మ్ దంపతులు మొదలుపెట్టిన శిక్షణ అది. దెబ్బ తగిలితే కట్టు కట్టడం ఎలా నేర్చుకుంటామో, మనసు కుదేలైన మనిషితో మొదటి మాట ఎలా మాట్లాడాలో అలా నేర్పుతారు. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనందరికీ భయం ఉండేది. అలా జరగదని, అడిగినందుకు చాలామంది ఊరట పడతారని అక్కడ చెప్పారు. ఆయన కాసేపు ఊరుకుని "ఒకట్రెండు సార్లు అనిపించింది" అన్నాడు. నేను సలహాలేమీ ఇవ్వలేదు. ఆగాం, నీళ్లు తాగాం, ఆ రాత్రి ఆయన్ను ఒక్కణ్ని ఉంచలేదు, వాళ్లావిడతో ఆయన చేతే మాట్లాడించాం, తిరిగొచ్చాక సైకియాట్రిస్టు దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడు. మందులు పనిచేయడం మొదలవడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే పది రోజులకే మానేసేవాడు.

ఒక విషయంలో మాత్రం బాధ ఉంది. ఆ సాయంత్రం ఒక సహాయ కేంద్రానికి ఫోన్ చేశాం, మూడుసార్లు మోగి మోగి ఆగిపోయింది, నాలుగోసారి ఎత్తినావిడ చాలా ఓపిగ్గా మాట్లాడారు. అక్కడ పనిచేసేవాళ్లను తప్పుపట్టడం లేదు, కాల్స్ ఎక్కువ, మనుషులు తక్కువ. కానీ ఒంటరిగా ఉన్నవాడైతే మొదటిసారికే ఫోన్ పక్కన పెట్టేసేవాడు. అందుకే ఇకపై ప్రతి ప్రయాణంలో ఒక్క నంబరు కాకుండా కనీసం రెండు మూడు నంబర్లు, వాటితో పాటు దారిలో ఉన్న ఆసుపత్రుల వివరాలు ప్రతి ఒక్కరి జేబులో ఉండాలని తీర్మానించాం.

అయిదో రోజు రాత్రి గ్రేమ్ ఓబ్రీ గురించి మాట్లాడుకున్నాం. సొంతంగా కట్టుకున్న సైకిల్ మీద, అందులో వాషింగ్ మెషిన్ బేరింగులు వాడి మరీ, 1993లో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు కొట్టిన స్కాట్లండ్ మనిషి. ఆయన తీవ్రమైన కుంగుబాటుతో, ఆత్మహత్య ఆలోచనలతో ఏళ్లు గడిపారు, తర్వాత ఆ సంగతి తనే బయటికి చెప్పారు. మనలో ఒక కుర్రాడు "అంత తొక్కినా తగ్గలేదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వ్యాయామం డిప్రెషన్‌ని తగ్గించడానికి సాయపడుతుందని పరిశోధనలు చెప్తున్నాయి, అది నిజం. కానీ సైకిల్ తొక్కితే చాలు, డాక్టర్ అక్కర్లేదు అని మన సంఘం ఎప్పుడూ ఎక్కడా చెప్పకూడదు. కొన్నిసార్లు మనిషి తన బాధ నుంచి పారిపోవడానికే ఎక్కువ తొక్కుతాడు. ఎవరైనా ఉన్నట్టుండి రోజూ విపరీతంగా తొక్కుతుంటే మెచ్చుకునే ముందు ఒకసారి ఎలా ఉన్నావని అడగండి.

ఆరో రోజు వాన. నాలుగు పంక్చర్లు, ఒక గేరు తీగ తెగింది, ఒకరు జారిపడి మోచెయ్యి గీరుకుపోయింది. పదిహేడు మందీ ఒకేసారి చేరాం, వ్యానులో ఎవరూ ఎక్కలేదు. రెండో రోజు వెళ్లిపోతానన్న సభ్యుడే ముందున్నాడు.

విరాళాల లెక్క కోశాధికారి విడిగా పంపుతున్నారు, ప్రతి రసీదు నకలు జతచేసి ఉంటుంది. స్థూలంగా రెండు పనులకు వాడుతున్నాం. డబ్బు కట్టలేనివాళ్లకు కౌన్సెలింగ్ ఫీజు, ఇంకో ఇరవై మంది సభ్యులకు మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ. యాత్ర ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు, విరాళాల్లోంచి ఏమీ తీయలేదు.

ఏడాదిలో మిగతా పనులు క్లుప్తంగా: ఆదివారం సవారీలు వాన పడ్డ వారాలు తప్ప ఆగలేదు. రిపేర్ తరగతులు ఆరు జరిగాయి, బ్రేకులు సరిచేసుకోవడం మీద పెట్టినదానికి ఎక్కువమంది వచ్చారు. పాత హెల్మెట్లు తనిఖీ చేసి పగుళ్లున్నవి పక్కన పెట్టించాం. పాత పంపు పోయింది, కొత్తది కొన్నాం.

వచ్చే ఏడాది యాత్రను రోజుకు 90 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. విరాళాలు తగ్గుతాయని కొందరు అంటున్నారు, దూరం ఎక్కువైతేనే జనం ఇస్తారని వాళ్ల వాదన. కావచ్చు. అయినా మాట్లాడుకోవడానికి ఊపిరి మిగిలేంత దూరమే తొక్కాలని నా గట్టి అభిప్రాయం. ఓటింగ్ సర్వసభ్య సమావేశంలో.

ఇంకొకటి. ఆదివారం సవారీల్లో కూడా చివరి సైకిల్ పద్ధతి పెడుతున్నాం. ఆ పూట చివర తొక్కేవాళ్లే, వరుసగా రెండు వారాలు రాని సభ్యుల జాబితా తీసుకుని వారం మధ్యలో ఫోన్ చేస్తారు. ఏమైంది, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, ఎలా ఉన్నారో అడగడానికి. నెలకు నలుగురు కావాలి. మొదటి నెలకు ఇద్దరు పేర్లిచ్చారు, ఒకటి నాది, రెండోది నాలుగో రోజు మెరక మీద నాతో మాట్లాడిన ఆయనది. ఇంకో ఇద్దరు కావాలి, ఈ వారంలోగా చెప్పండి.

మీ
కార్యదర్శి